బ్రూ ఒప్పందం బ్యాంకు కౌంటర్ దాకా వచ్చిన దారి

2020 జనవరి 16న ఢిల్లీలో ఒక ఒప్పందం కుదిరింది. కేంద్రం, త్రిపుర, మిజోరం ప్రభుత్వాలతో పాటు బ్రూ సంఘాల నాయకులు దాని మీద సంతకాలు పెట్టారు. 1997లో ప్రాణాలు అరచేత పట్టుకుని మిజోరం నుంచి వచ్చి, అప్పటినుంచీ త్రిపుర శిబిరాల్లో బతుకుతున్న బ్రూ ఆదివాసులు ఇక వెనక్కి వెళ్లనక్కర్లేదు, త్రిపురలోనే స్థిరపడొచ్చు. కుటుంబానికి 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఇంటిస్థలం, ఇల్లు కట్టుకోవడానికి 1.5 లక్షలు, కుటుంబం పేరు మీద 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5,000, రెండేళ్లు ఉచితంగా రేషన్. మన పేపర్లలో ఇది చిన్న వార్తగా వచ్చి వెళ్లిపోయింది. అటువైపు మనకు పెద్దగా తెలిసినవాళ్లు ఉండరు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకుని ఉండరు.

ఆ డబ్బంతా చివరికి వచ్చి పడాల్సింది ఏదో ఒక బ్యాంకు ఖాతాలోనే. అలాంటి ఖాతాలు తెరిచిన ఒక శాఖలో నేను ఆఫీసర్‌గా పనిచేశాను. మాది పార్వతీపురం. ట్రాన్స్‌ఫర్ మీద ఉత్తర త్రిపుర జిల్లా కాంచన్‌పూర్ వైపు వెళ్లాను. ఆర్డర్ చేతికి రాగానే ఇంట్లో అందరూ ‘అంత దూరమా’ అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే నా సర్వీసులో చేసిన పనుల్లో నాకు బాగా దగ్గరైనది అదే. ఒప్పందాలు ఎలా అమలవుతాయో, ఎక్కడ ఆగుతాయో కౌంటర్ ఇవతల కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందు వాళ్లెవరో చెప్పాలి. బ్రూలనే త్రిపురలో రియాంగ్‌లు అంటారు. మన చెంచుల్లాగా వీళ్లను కూడా కేంద్రం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించింది. మిజోరం పశ్చిమాన మామిత్ జిల్లాలోనూ, చుట్టుపక్కలా వాళ్ల ఊళ్లుండేవి. 1997లో తమకు స్వయంపాలక జిల్లా మండలి కావాలని బ్రూ సంఘం అడిగింది. మిజో సంఘాలు ఒప్పుకోలేదు. ఆ అక్టోబర్‌లో డంపా పులుల అభయారణ్యంలో ఒక మిజో ఫారెస్టు ఉద్యోగి హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత బ్రూల ఇళ్లు కాలాయి, ముప్పై వేలకు పైగా జనం సరిహద్దు దాటారు. బ్రూ సాయుధ సంస్థ ఒకటి 2005లో మిజోరం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆయుధాలు అప్పగించింది. అయినా శిబిరాలు ఖాళీ కాలేదు. 2009లో వాపసు పంపడం మొదలవుతుందనగా మళ్లీ ఒక హత్య, మళ్లీ ఇళ్ల దహనం, ఇంకొంతమంది ఇటు రావడం. 2018 జూలైలో ఇంకో ఒప్పందం రాశారు, అందరూ మిజోరం వెళ్లిపోవాలని. వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది. అందరం ఒకేచోట ఊళ్లు కట్టుకుంటాం, భూమి ఇవ్వండి, రక్షణ ఇవ్వండి అని వాళ్లు అడిగితే అది కుదరలేదు.

2019 అక్టోబర్‌లో శిబిరాలకు రేషన్ ఆపేశారు. పెద్దవాళ్లకు రోజుకు 600 గ్రాముల బియ్యం, 5 రూపాయలు, పిల్లలకు 300 గ్రాములు, రెండున్నర రూపాయలు. అప్పటిదాకా వాళ్లకు అందుతున్నది అంతే. అది కూడా ఆగేసరికి జనం దస్దా, ఆనందబజార్ రోడ్డు మీద బైఠాయించారు. ఆకలి చావుల వార్తలు వచ్చాయి. నేను చేరేసరికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. శిబిరంలో ఎవరితో మాట్లాడినా ముందు ఆ మాటే వచ్చేది. మళ్లీ ఆపుతారా బాబూ, అని. కొత్త ఒప్పందం గురించి ఎంత చెప్పినా సగం మంది నమ్మలేదు. వాళ్లను తప్పుపట్టలేం. అంతకుముందు ఒప్పందాలు విని ఉన్నారు మరి.

సంతకాల తర్వాత మొదటి పని జాబితా. ఎన్ని కుటుంబాలు? ఒప్పందం రోజున సుమారు 34 వేల మంది అన్నారు. తర్వాత ప్రభుత్వం లెక్క తేలిస్తే 6,959 కుటుంబాలు, 37 వేల పైచిలుకు జనం. ప్యాకేజీ కూడా 600 కోట్ల నుంచి 661 కోట్లకు పెరిగింది. ఇది వినడానికి చిన్న సవరణలా ఉంటుంది. క్షేత్రంలో మాత్రం గొడవంతా దీని దగ్గరే. 1997లో చంకనెక్కి వచ్చిన పిల్ల ఈపాటికి ఇద్దరు పిల్లల తల్లి. శిబిరం కార్డులో ఆమె ఇంకా తండ్రి కుటుంబంలోనే ఉంటుంది. ఆమెకు విడిగా స్థలం, డిపాజిట్ వస్తాయా, తండ్రి వాటాలోనే సర్దుకోవాలా? ఒక అన్న వేరుపడితే వేరు పొయ్యి ఉంది, కానీ వేరు కార్డు లేదు. ‘కుటుంబం’ అని కాగితం మీద తేలిగ్గా రాసేస్తాం. దాన్ని ఏ తేదీ నాటికి లెక్కగట్టాలి, ఎవరిని విడి కుటుంబంగా చూడాలి అన్నవి ముందే తెగకపోతే ఆ భారమంతా సబ్ డివిజన్ ఆఫీసు గుమస్తా మీదా, ఆయన గది ముందు నిలబడ్డ జనం మీదా పడుతుంది. అక్కడ అదే జరిగింది. జాబితాలో పేరు ఉంటేనే మా దగ్గరికి వచ్చేవాళ్లు కాబట్టి, లేనివాళ్ల బాధ మాకు వరండాలోనే వినిపించేది.

ఇక ఖాతాలు. బ్యాంకులో పనిచేసేవాళ్లకు ఈ భాగం బాగా అర్థమవుతుంది. శిబిరంలో చాలామందికి అప్పటికే జన్‌ధన్ ఖాతాలున్నాయి. అంటే పని సగం అయిపోయినట్టే అనుకుంటారు పైనున్నవాళ్లు. కానీ వాటిలో ఎక్కువ భాగం సరైన గుర్తింపు పత్రం లేకుండా తెరిచిన చిన్న ఖాతాలు. నిబంధన ప్రకారం వాటిలో ఏడాది మొత్తం జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000 కంటే ఎక్కువ తీయకూడదు. ఇంటి డబ్బు 1.5 లక్షలు, నెలకు 5,000. లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది, విడతలన్నీ పూర్తికాకముందే ఖాతా పరిమితి దాటి డబ్బు వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన డబ్బు మళ్లీ రావాలంటే జిల్లా ఆఫీసు నుంచి మళ్లీ బిల్లు పెట్టాలి, మళ్లీ నెలలు. అందుకని డబ్బు రాకముందే ఆ ఖాతాలన్నిటినీ పూర్తి కేవైసీ ఖాతాలుగా మార్చాలని పట్టుబట్టాం. బ్లాకు ఆఫీసువాళ్లకు మొదట ఇది అనవసరపు రాద్ధాంతం అనిపించింది. లెక్క కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకుని, శిబిరాల్లోనే రోజువారీ క్యాంపులు పెట్టించారు.

క్యాంపు అంటే వెదురు తడికెల స్కూలు గది, రెండు బల్లలు, ఒక ల్యాప్‌టాప్, వేలిముద్రల మిషన్. సిగ్నల్ దొరక్కపోతే ఒకతను ఫోన్ పట్టుకుని గుట్ట మీదికి ఎక్కేవాడు. శిబిరం బడిలో చదువు చెప్పే ఒక కుర్రాడు మాకు దుబాసీ. నేను వచ్చీరాని బెంగాలీలో అడిగితే అతను వాళ్ల భాష కౌబ్రూలో చెప్పేవాడు, జవాబు అదే దారిలో తిరిగొచ్చేది. జనం తెచ్చిన కాగితాలు చూస్తే గుండె బరువెక్కేది. ఉప్పు ప్యాకెట్ కవర్లో చుట్టి, దారం కట్టి, ఇంటి కప్పు వెదురు సందులో దాచుకున్న కార్డులు. చెదలు అంచులు కొరికినవి, నాలుగైదు చోట్ల టేపు అంటించినవి. ఆ కార్డు పోతే రేషన్ పోతుంది, అందుకే అన్నేళ్లు అంత భద్రంగా ఉంచారు.

పేర్ల తేడా పెద్ద తలనొప్పి. మిజోరం ఓటరు కార్డులో పేరు మిజో ఉచ్చారణకు తగ్గట్టు రాశారు. త్రిపురలో శిబిరం కార్డు బెంగాలీలో రాసి, దాన్ని చూసి ఆధార్ ఆపరేటర్ ఇంగ్లీషులో కొట్టాడు. ఒకదాంట్లో ఇంటిపేరు రియాంగ్, ఇంకోదాంట్లో బ్రూ. పుట్టిన సంవత్సరం మూడు కాగితాల్లో మూడు రకాలు, చాలామందికి జనవరి 1. కంప్యూటర్ దృష్టిలో వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ముగ్గురూ ఒకరే అని మెజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది, నిజమే. కానీ దానికి కాంచన్‌పూర్ రావాలి, రోజు కూలి పోవాలి, బండి చార్జీ పెట్టుకోవాలి, స్టాంపు కాగితం కొనాలి. ఆ ఖర్చు పెట్టుకోలేక ఊరుకునేవాళ్లు కొందరు. అధికారిని బతిమాలి ఆయన్నే క్యాంపుకి రప్పించాక ఒక్కో పూటలో ఆ వరసంతా కదిలింది. మాకున్న నిబంధనలను ఎక్కడా తప్పలేదు. నిబంధన ఉన్నచోటికి జనం రావాలా, జనం ఉన్నచోటికి నిబంధనను తీసుకెళ్లాలా అన్నదాంట్లోనే తేడా అంతా.

ఒక పెద్దావిడ గురించి చెప్పాలి. అక్కడి అలవాటు ప్రకారం ఆమెను మాషీ, అంటే పిన్ని, అని పిలిచేవాణ్ణి. భర్తతో కలిసి 1997లో నడిచి వచ్చిందట. ఆయన శిబిరంలోనే పోయాడు. కుటుంబ కార్డు ఆయన పేరు మీదే ఉండిపోయింది. జాబితాలో కూడా ఆయన పేరే ఎక్కింది, పక్కన వేలిముద్ర గడి ఖాళీ. చనిపోయిన మనిషి పేరు మీద డిపాజిట్ వేయలేం. మరణ ధ్రువపత్రం తెమ్మంటే, ఆ రోజుల్లో శిబిరంలో ఎవరు రాయించారు? ఆమెకు కోపం రాలేదు. నెమ్మదిగా అంది, ‘ఆయన బతికున్నప్పుడు ఈ కార్డు మీద బియ్యం ఇచ్చారు. పోయాక కూడా ఇచ్చారు. మీరొక్కరే ఆయన పోయాడా లేదా అని అడుగుతున్నారు.’ దుబాసీ కుర్రాడు ఆ మాట నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు.

శిబిరం పెద్దల వాంగ్మూలం, పక్క గుడిసెవాళ్ల సంతకాలు, ఆరోగ్య కార్యకర్త దగ్గరి పాత పుస్తకంలో ఒక ఎంట్రీ, ఇవన్నీ కలిపి సబ్ డివిజన్ ఆఫీసుకు పంపితే కుటుంబ పెద్దగా ఆమె పేరు మార్చారు. అలా మార్చడానికి పట్టిన కాలంలో ఆమె వేలిముద్ర ఇంకో సమస్య అయింది. జీవితమంతా వెదురు చీల్చి, అల్లం తవ్విన చేతులు. మిషన్ గుర్తించలేదు. బొటనవేలు, చూపుడువేలు, అన్నీ అయ్యాయి. చివరికి కంటిపాప స్కానర్ తెప్పించి ఆధార్ కొత్తగా నమోదు చేయించాం. అలాంటివాళ్లు ఒక్కరు కాదు. ఆదివాసుల హక్కుల గురించి రాసే ఏ కాగితంలోనైనా ‘ఆధార్ ద్వారా నేరుగా ఖాతాలోకి’ అన్న ముక్క కనిపిస్తే నాకు ముందు ఆ చేతులే గుర్తొస్తాయి. వేలిముద్ర పడకపోతే ప్రత్యామ్నాయం ఏంటో ఆ పక్కనే రాసి ఉండాలి.

నాలుగు లక్షల డిపాజిట్‌కి పాన్ కార్డు గానీ, పాన్ లేనివాళ్లు ఇచ్చే ఫారం 60 గానీ అప్పట్లో కావాల్సి వచ్చేది. పాన్ ఎవరికి ఉంటుంది? అందరికీ ఫారం 60 మేమే నింపి పెట్టాం. ఇంకో విషయం. వరసలో ఉన్నవాళ్లలో కొందరు ఏజెంట్ల మాట విని ఇంకో చోట ఇంకో ఖాతా తెరుచుకునేవాళ్లు. ఆధార్ ఆఖరున ఏ ఖాతాకు జతయిందో నెల డబ్బు అందులోకి వెళ్తుంది. మా కౌంటర్ దగ్గరికి వచ్చి డబ్బు రాలేదని ఏడ్చినవాళ్లలో చాలామందికి డబ్బు వచ్చింది, వాళ్లకు తెలియని ఖాతాలోకి. దాన్ని వెతికి పట్టుకోవడం ఒక పెద్ద పని. డిపాజిట్ రసీదు చూపిస్తే ముందే అప్పిస్తామని తిరిగిన వడ్డీ వ్యాపారులు కూడా ఉన్నారు. రసీదు ఎవరికీ ఇవ్వొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పించేవాళ్లం, చెప్పిందే చెప్పించేవాళ్లం.

ఇదంతా బ్యాంకు వైపు. అసలు ఆలస్యం నేల దగ్గర. డిపాజిట్ గానీ, నెల డబ్బు గానీ కుటుంబం కొత్త చోటికి తరలాకే. తరలాలంటే స్థలం చదును కావాలి, దారి, నీళ్లు ఉండాలి. చూపించిన స్థలాల్లో చాలా భాగం అటవీ భూమి, దానికి కేంద్రం నుంచి అటవీ అనుమతి కావాలి. ఈలోగా కోవిడ్. ఈలోగా ఇంకో గొడవ. కాంచన్‌పూర్‌లో ఉండే బెంగాలీలు, జంపుయి కొండల మిజోలు ఇంతమందిని ఇక్కడే పెడితే మా గతేంటి అని ఆందోళన మొదలుపెట్టారు. 2020 నవంబర్ 21న పానీసాగర్‌లో అది హింసగా మారి పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఒక ఆందోళనకారుడు, ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయారు. మా శాఖలో బెంగాలీ సహోద్యోగులు ఉండేవాళ్లు, కౌంటర్ ముందు బ్రూలు. ఆ వారం ఎంత టెన్షన్‌గా గడిచిందో చెప్పలేను. ఆందోళన చేసినవాళ్లలో కొందరు తామూ ఒకప్పుడు గొడవల్లో ఇళ్లు వదిలి వచ్చామని, తమనెవరూ అడగలేదని చెప్పారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. ఢిల్లీలో సంతకాలు పెట్టిన బల్ల దగ్గర, ఈ జనం చుట్టుపక్కల బతకాల్సిన మనుషులకు ఒక కుర్చీ వేసి ఉండాల్సింది. తర్వాత కుటుంబాలను ఉత్తర త్రిపురలోనే కాకుండా ధలాయి, గోమతి, దక్షిణ త్రిపుర జిల్లాలకు కూడా పంచారు. 2021లో తరలింపు మొదలైంది.

కొత్త ఊళ్లకు నేను వెళ్లాను. వరసగా రేకుల ఇళ్లు, ఎర్ర మట్టి, కొత్తగా వేసిన కరెంటు స్తంభాలు. కొన్నిచోట్ల నీళ్లకు కష్టం. అయినా తన పేరున్న తలుపు అంటే ఏంటో ఆ మనుషుల ముఖాల్లో కనిపించింది. త్రిపుర ఓటరు జాబితాలో పేర్లు చేరడం మొదలైంది. అంతకుముందు 2018 మిజోరం ఎన్నికల్లో ఓటేయడానికి వాళ్లు సరిహద్దు పక్కన కాన్మున్‌లో పెట్టిన పోలింగ్ కేంద్రాలకు వెళ్లాల్సి వచ్చింది. ఉండేది ఒక రాష్ట్రంలో, ఓటు ఇంకో రాష్ట్రంలో. అది మారడం చాలా పెద్ద విషయం.

కానీ నాకు లోపల ముల్లులా గుచ్చుకున్నది సాగుభూమి సంగతి. బ్రూలు ఝూమ్ చేసుకుని బతికిన జనం, మన కొండపోడే అది. వరి, నువ్వులు, మిరప, గుమ్మడి, పత్తి అన్నీ ఒకే కొండవాలులో పండిస్తారు. మా పార్వతీపురం కొండల్లో సవరలు, జాతాపులు చేసే పోడు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అది వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒప్పందంలో దక్కింది 1,200 చదరపు అడుగులు. ఇల్లు కట్టాక నాలుగు కాకర పాదులు పెట్టుకునేంత చోటు. చుట్టూ ఉన్న అడవి మీద వాళ్లకు హక్కు లేదు. రెండేళ్లు నెల డబ్బు, రేషన్ నడుస్తాయి, మూడో ఏడాది ఏం తినాలి? ఈ ప్రశ్న శిబిరంలో నిరక్షరాస్యులైన ముసలివాళ్లు మొదటి రోజే అడిగారు. కూలి పని, రబ్బరు తోటల్లో పని, ఉపాధి హామీ అని అధికారులు చెప్పేవాళ్లు. అవి పనులే, కాదనను. ఆదివాసీ హక్కును కాపాడే ఒప్పందం అన్నప్పుడు మాత్రం ఆదివాసి బతుకు నిలబడిన నేల అందులో ఉండాలని నా అభిప్రాయం, ఇప్పటికీ.

ఇది మనకు దూరపు కథ కాదు. నేను అంతకుముందు భద్రాచలం వైపు పనిచేసినప్పుడు గుత్తికోయలను చూశాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చిన జనం. బస్తర్‌లో వాళ్లు షెడ్యూల్డ్ తెగ. ఇటు వచ్చాక ఎస్టీ ధ్రువపత్రం దొరకదు, పోడు పట్టా రాదు, ఫారెస్టువాళ్లు గుడిసెలు పీకేసిన సందర్భాలున్నాయి. బ్రూ ఒప్పందం వచ్చాక అలాంటిదే వీళ్లకూ చేయాలని అడిగినవాళ్లు ఉన్నారు. నేనూ అదే కోరుకుంటాను. అలా చేసే రోజు వస్తే మాత్రం బ్రూ కాగితాన్ని యథాతథంగా దించొద్దు. కుటుంబాన్ని ఏ తేదీతో లెక్కిస్తారో అందులో రాయండి. డిపాజిట్ భార్యాభర్తలిద్దరి పేరు మీద వేయండి. సాగుభూమి రాయండి. వచ్చినచోట తెగ గుర్తింపు ఎలా కొనసాగుతుందో రాయండి. చుట్టూ ఉన్న కోయలతో, కొండరెడ్లతో ముందే కూర్చోండి.

మాషీ డిపాజిట్ రెండేళ్లు నిండాక ఆమె కొడుకుతో కలిసి బ్యాంకుకు వచ్చింది. కొంత డబ్బు తీసి ఇంటికి వెనకవైపు గది వేసుకుంటామంది, పందులు కొంటామంది. మిగతాది మళ్లీ డిపాజిట్ చేసి మనవడి పేరు నామినీగా పెట్టమంది. పిల్లాడు మైనర్ కాబట్టి పుట్టిన తేదీ కావాలి. వాడు శిబిరంలో పుట్టాడు, జనన ధ్రువపత్రం లేదు. కొడుకు పేరుతో నామినేషన్ రాసి అప్పటికి డిపాజిట్ వేసేశాం, రేటు పోకుండా. జనన ధ్రువపత్రం కోసం ఆలస్యపు నమోదు దరఖాస్తు నింపి, శిబిరం బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు జతచేసి సబ్ డివిజన్ ఆఫీసులో ఇప్పించాను. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేసరికి అది ఇంకా అక్కడే ఉంది. దరఖాస్తు నంబరు నా తర్వాత వచ్చిన ఆఫీసర్‌కి రాసిచ్చి, నామినేషన్ ఎప్పుడు మార్చాలో చెప్పి వచ్చాను.